కారు బాడీ ఉపరితల సన్నాహం

కారు బాడీ ఉపరితల సన్నాహం అంటే కొత్త రంగు వేసే ముందు రేకు మీది మైనం, జిడ్డు, తుప్పు, సొట్టలు పోగొట్టి, రంగుకు పట్టు దొరికేలా రుద్దే పని. ఇందులో వాడే రెండు ముఖ్య సాధనాలు అమెరికాలోని త్రీఎం సంస్థ నుంచి వచ్చాయి: ఫ్రాన్సిస్ ఓకీ రూపొందించిన, నీటితో తడిపి రుద్దే గరుకు కాగితమైన వాటర్ పేపర్ (1921), రెండు రంగుల కార్ల అంచుల కోసం రిచర్డ్ డ్రూ తయారుచేసిన మాస్కింగ్ టేప్ (1925).

రుద్దడానికి ముందే జిడ్డు తుడవాలి. లేకపోతే మైనం, సిలికాన్ గీతల్లోకి దిగి, పైన వేసిన రంగు విడిపోయి చిన్న గుంటలు పడతాయి. తుప్పును మెరిసే లోహం కనబడేదాకా గీకుతారు. సొట్టల్లో నింపే పాలిస్టర్ పుట్టీలో బరువులో సుమారు 2 శాతం హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలుపుతారు. పుట్టీ నీటిని పీల్చి లోపలి రేకుకు తుప్పు పట్టిస్తుంది కనుక దాన్ని పొడిగానే, 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి రుద్దుతారు. వాటర్ పేపర్ వంతు పుట్టీ మీద వేసే ప్రైమర్ (రంగుకు ముందు పూత) ఆరాకే. ప్రైమర్‌పై పలుచగా నల్లరంగు చల్లి, చెక్కదిమ్మకు చుట్టిన కాగితంతో రుద్దితే ఎత్తుల్లో నలుపు పోయి పల్లాల్లో మిగులుతుంది. చేతికి అందని లోపం కంటికి చిక్కేది ఇక్కడే. చివరి రుద్దుడు సాధారణంగా 600–800 నంబరు కాగితంతో ముగుస్తుంది.

పాత రంగుల దుమ్ములో సీసం ఉండవచ్చు. హార్డెనర్ కలిపే చాలా రంగుల్లోని ఐసోసయనేట్లు ఉబ్బసం కలిగిస్తాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు.