మా ముత్తాత చనిపోయిన తేదీ

మా అవ్వ ప్రతి ఏడూ వాళ్ళ నాయనకు మహాలయ అమావాస్య నాడే పెడుతుంది. మా ఇళ్ళలో దాన్ని పెద్దల అమావాస్య అంటారు. చనిపోయిన తిథి తెలియనివాళ్ళకు ఆ రోజు పెడతారు. "నేను చంకబిడ్డనంట. ఆయన దగ్గి దగ్గి పోయినాడంట. మా అమ్మ అంతే చెప్పింది" అంటుంది అవ్వ. పోయిన సెలవుల్లో ఆ తేదీ ఎలాగైనా కనుక్కోవాలని మొదలుపెట్టాను.

ముత్తాత పలమనేరు దగ్గరి ఊరినుంచి చిన్నప్పుడే కోలారు బంగారు గనులకు వచ్చాడు. 1910 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. అప్పటికి పలమనేరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లోగానీ ఏర్పడలేదు.

మొదట జనాభా లెక్కలు గుర్తొచ్చాయి. 1951లో లెక్క రాసినవాళ్ళు మా లైన్ ఇంటికీ వచ్చే ఉంటారు. కానీ 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు చూడడానికి ఎవరికీ హక్కు లేదు. అమెరికాలో 72 ఏళ్ళకు, ఇంగ్లండులో 100 ఏళ్ళకు ఆ కాగితాలు అందరికీ చూపిస్తారు. మన దగ్గర ముత్తాత మొత్తం లెక్కలో ఒక అంకె మాత్రమే.

తర్వాత గని కాగితాలు అనుకున్నాం. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను తీసుకున్నాయి. 2001లో మూసేశారు. ఇన్ని చేతులు మారిన కాగితాలను ఎవరిని అడగాలి? ఇంకో సంగతి చదివి ఆశ్చర్యపోయాను. 1930లో వేలిముద్రలు తీసుకుని పేర్లు నమోదు చేస్తామంటే ఇక్కడి కార్మికులు సమ్మె చేశారు. ఆ కాగితం తమను కట్టేస్తుందని వాళ్ళ భయం. నాకేమో ఇప్పుడు అలాంటి కాగితమే కావాలి!

చివరికి నాయన మరణాల రిజిస్టరు వెతికించడానికి ఫీజు కట్టాడు. 1954 నుంచి 1956 వరకు వెతికితే ముత్తాత పేరుతో ముగ్గురు కనిపించారు. ఆ పేరు మా వైపు ప్రతి లైన్లో ఇద్దరికి ఉంటుంది. ఒకాయనకు డెబ్బై ఏళ్ళు, ఆయన కాదు. మిగతా ఇద్దరి వయసూ సరిపోయింది. తండ్రి పేరు గడి మాత్రం ఇద్దరికీ ఖాళీ.

దగ్గుతో పోయినాయన ఎవరో తెలిస్తే చిక్కు వీడిపోయేది. కానీ 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మనకిచ్చే నకలులో చావుకు కారణం చూపకూడదు. రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఎంతమంది పోయారో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా మాకు అవసరమైన ఆ ఒక్క మాటే చేతికి రాలేదు.

అవ్వకు రెండు తేదీలూ చదివి వినిపించాను. ఏడుస్తుందేమో అనుకున్నా. కాసేపు ఊరుకుని, "ఆ రెండో ఆయనకు ఎవురైనా పెడతా ఉండారో లేదో. ఇద్దరికీ పెడదాం లే" అంది. ఈసారి పెద్దల అమావాస్యకు రెండు విస్తరాకులు వేసింది.

నేను ఒక నోటుపుస్తకంలో అవ్వ పేరు, వాళ్ళ అమ్మానాయనల పేర్లు, ఊరు, లైను నంబరు రాసిపెట్టాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే మీరూ అడిగి రాసుకోండి. తండ్రి పేరు మాత్రం వదలొద్దు.