విండోస్ 98 నుండి విండోస్ ఎక్స్‌పీకి మార్పు

విండోస్ 98 నుండి విండోస్ ఎక్స్‌పీకి మారడం 2000 దశకంలో వ్యక్తిగత కంప్యూటర్లలో విస్తృతంగా జరిగిన ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు. ఆటలకు వాడే కంప్యూటర్లపై దీని ప్రభావం రెండు విధాలుగా ఉన్నది. కొన్ని పాత ఆటలు పనిచేయకుండా పోయాయి. మరొక వైపు, తెలుగు లిపిని సరిగా చూపే ఏర్పాటు మొదటిసారిగా విండోస్‌లో అంతర్భాగమైనది.

నేపథ్యం

1998లో విడుదలైన విండోస్ 98కు పునాది డాస్. అందువలన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డూమ్ వంటి డాస్ ఆటలు సౌండు కార్డును, గ్రాఫిక్స్ కార్డును నేరుగా వాడుకోగలిగేవి. అయితే ఒక్క ఆటలో లోపం వచ్చినా కంప్యూటర్ మొత్తం స్తంభించే అవకాశం ఉండేది. 2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీ, విండోస్ ఎన్‌టీ వర్గానికి చెందినది. ఇందులో ప్రోగ్రాములు హార్డువేరును నేరుగా తాకలేవు. ఈ కట్టడి వలన స్థిరత్వం పెరిగినది. అనేక డాస్ ఆటలకు శబ్దం రాకపోవడానికి, అవి అసలు మొదలు కాకపోవడానికి కూడా ఇదే కారణం.

ఆటలపై ప్రభావం

విండోస్ 95, 98ల కొరకు తయారైన ఆటల కోసం ఎక్స్‌పీలో అనుకూలత విధానం కలదు. దీనిలో ఆటకు పాత విండోస్ ఉన్నట్లు చూపవచ్చును. డాస్ ఆటలకు 2002 నుండి లభిస్తున్న డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్టువేరు ఉపయోగపడినది. డూమ్ 3 (2004), ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3 (2005) వంటి తరువాతి ఆటలు విండోస్ 98పై పనిచేయవు.

తెలుగు లిపి

యూనికోడ్‌లో "రాజమహేంద్రవరం" అనే పేరులోని "ద్ర" ఒకే అక్షరంగా నిల్వ ఉండదు. దకారం, హలంతు చిహ్నం, రకారం అనే మూడు సంకేతాలుగా ఉంటుంది. వీటిని కలిపి వత్తుతో చూపడం ఆపరేటింగ్ సిస్టమ్ పని. విండోస్ 98లో తెలుగుకు ఈ ఏర్పాటు అంతర్గతంగా లేదు. ఎక్స్‌పీలో యూనిస్క్రైబ్ అనే భాగం, గౌతమి అనే ఖతి కలిసి ఈ పని చేస్తాయి. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలే ప్రధాన పాయలలో ఒకదాని పేరు కూడా గౌతమియే. కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రాంతీయ, భాషా అమరికలలో సంక్లిష్ట లిపులను ఎంచుకొని, స్థాపన సీడీ నుండి అవసరమైన ఫైళ్ళను చేర్చిన తరువాతనే తెలుగు సరిగా కనిపించేది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటి యూనికోడ్ సైట్లను చదవడానికి ఇది తోడ్పడినది.

మార్పిడిలో జాగ్రత్తలు

ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్ల మెమరీ అవసరం. 128 మెగాబైట్లు ఉండాలని మైక్రోసాఫ్ట్ సూచించినది. గ్రాఫిక్స్, సౌండు కార్డులకు ఎక్స్‌పీ డ్రైవర్లు ఉన్నవో లేవో ముందుగా చూసుకోవలసి ఉండేది. ఆటలలో భద్రపరచిన ఫైళ్ళను వేరే చోట దాచుకొనడం అవసరం. విండోస్ 98పైననే ఎక్స్‌పీని ఎక్కించినప్పుడు, దానిని తొలగించి వెనుకకు వెళ్ళే వీలు ఉన్నది. కానీ డిస్కును ఫ్యాట్32 నుండి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చితే ఆ వీలు పోతుంది, ఎందుకనగా విండోస్ 98 ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదవలేదు.

తరువాతి పరిణామాలు

మైక్రోసాఫ్ట్ విండోస్ 98కు 2006 జులైలో, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మద్దతును నిలిపివేసినది. ఆటల పంపిణీ వేదిక అయిన స్టీమ్ 2019 జనవరి 1 నుండి ఎక్స్‌పీని వదలివేసినది. భద్రతా సవరణలు రానందున ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపడం సురక్షితం కాదు. పాత ఆటల కొరకు దానిని ఉంచుకొనేవారు నెట్‌వర్కుకు దూరంగా వాడుకోవచ్చును.