కొంగు నీడన నాలుగు గంటలు

ఏటా ఈ పుస్తకంలో పొదుపు, బ్యాంకు లింకేజీ, వసూళ్ల లెక్కలే ఎక్కువగా రాసుకుంటాం. ఈసారి పసిపిల్లల చావుల లెక్క ఒకటి రాస్తున్నాం. ఇది బంగ్లాదేశ్‌ది. అక్కడి పల్లెల్లోనూ ఆడవాళ్లు మనలాగే గ్రూపులు కట్టుకుని అప్పులు తెచ్చుకున్నవాళ్లే.

చాంద్‌పూర్ జిల్లాలో మత్లబ్ అనే ప్రాంతం ఉంది. కలరా మీద పరిశోధన చేసేవాళ్లు 1966 నుంచి అక్కడ ఇల్లిల్లూ తిరిగి ప్రతి పుట్టుకా, ప్రతి చావూ రాసిపెడుతున్నారు. అప్పట్లో విరేచనాలు, తట్టు వంటి రోగాలతోనే పిల్లలు ఎక్కువగా పోయేవారు. 1980ల్లో బ్రాక్ సంస్థ తరఫున ఆడవాళ్లు గడపగడపకీ వెళ్లి, మూడువేళ్ల చిటికెడు ఉప్పూ గుప్పెడు బెల్లమూ నీళ్లలో కలిపి తాగించడం తల్లులకి నేర్పారు. టీకాలూ వచ్చాయి. రోగాల చావులు తగ్గాయి. అప్పుడుగానీ ఇంకో లెక్క పైకి తేలలేదు. మత్లబ్‌లో 1983లో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల చావుల్లో నీళ్లలో పడి పోయినవి నూటికి 9. 2000 నాటికి నూటికి 53.

అంటే పిల్లలు కొత్తగా నీళ్లలో పడడం మొదలుపెట్టారని కాదు. మిగతావి తగ్గాయి, దీని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అది వరదల నేల. మట్టి తవ్వి మెరక చేసి దానిమీద ఇల్లు కట్టుకుంటారు, తవ్విన గొయ్యి చెరువవుతుంది. పిల్లలు ఎక్కువమంది పోయింది ఏ నదిలోనో కాదు, ఇంటికి ఇరవై మీటర్ల లోపు ఉన్న ఆ గుంటల్లోనే. అదీ పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ నడుమ. ఆ వేళ తల్లి ఏం చేస్తుంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వంట, అంట్లు, బట్టలు, గొడ్డూ గోదా. మగవాళ్లు పనికి, పెద్దపిల్లలు బడికి పోయుంటారు. చంటిదాన్ని ఆరేళ్ల అక్కకి అప్పజెప్పి పని చూసుకుంటుంది. జరగరానిది జరిగితే మాత్రం "తల్లి ఏం చేస్తోంది?" అంటారు. మన ఊళ్లలోనూ అదే మాట. తల్లి పనే చేస్తోందని ఆ లెక్కలు చెప్పాయి.

అందుకే 2005 తర్వాత అక్కడ ‘ఆంచల్’ అనే పిల్లల కేంద్రాలు పెట్టారు. ఆంచల్ అంటే చీర కొంగు. ఊళ్లో ఒకామె తన ఇంట్లోనే పాతికమంది దాకా చిన్నపిల్లల్ని ఉంచుకుని ఆడిస్తుంది, పాటలు నేర్పుతుంది. సాయానికి ఇంకొకరు ఉంటారు. వారానికి ఆరు రోజులు, సరిగ్గా ఆ తొమ్మిది నుంచి ఒంటిగంట వరకే. పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పిల్లల్లో నీళ్లలో పడి చనిపోవడం నూటికి 82 వంతులు తగ్గిందని తేలింది. బంగ్లాదేశ్, ఐర్లాండ్ ముందు నిలిచి అడగగా 2021లో ఐక్యరాజ్యసమితి జూలై 25ని నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. మరుసటేడు బంగ్లాదేశ్ ప్రభుత్వమే 16 జిల్లాల్లో 8,000 కేంద్రాలకి ఒప్పుకుంది.

మన అంగన్‌వాడీలో ఆటపాటల బడి మూడేళ్లు నిండినవాళ్లకి. నడక వచ్చి, భయం ఇంకా తెలియని ఏడాది, రెండేళ్ల పిల్లలు ఇంటిదగ్గరే ఉంటారు. మూతలేని సంపూ, నీళ్ల తొట్టీ, బకెట్టూ ఉండేదీ అక్కడే. మన మీటింగులూ ఆ పదకొండు గంటల వేళకే పెట్టుకుంటున్నాం. ఆ పూట చంటిపిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారన్నది ఇంతవరకు మన తీర్మానాల పుస్తకంలోకి ఎక్కలేదు.