రంగం ఎల్లినోడి జాడ

ఆ దుంగ కాస్త లోపలికి తోయ్ బాబూ, పొగొస్తంది. ఏటడిగినావు? మన పాతకాలపోడి జాడ కాగితాల్లో దొరుకుతాదా అని కదా? చెప్తాను, కూకో.

ఆయన మా తాతకి నాయన. రంగం ఎల్లినాడు, అదే బర్మాలో రంగూను. 1852లో ఇంగిలీసోడు దిగువ బర్మా పట్టుకున్నాక ఐరావతి డెల్టాలో అడవీ చిత్తడీ కొట్టి వరి మడులు చేసినారు. 1869లో సూయజు కాలవ తెరిచేసరికి ఆ బియ్యానికి సీమలో గిరాకీ పెరిగింది. కోతలకి, మిల్లులకి, ఓడల్లో బస్తాలెత్తడానికి మనుషులు కావాల. ఇక్కడ చూస్తే గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో వాన మొహం చాటేస్తే గంజికి కూడా గతి లేదు.

మేస్త్రీ ఊళ్ళోకొచ్చి బయానా ఇచ్చీవోడు. ఓడ టిక్కెట్టు ఆడే కొనీవోడు, అక్కడికెల్లాక కూలిలో కోసుకునీవోడు. అప్పు తీరీదాకా ఆడి మాటే మాట.

ఇప్పుడు మీరు చూసే విశాఖపట్నం హార్బరు 1933లో తెరిచినారు. అంతకు ముందు స్టీమరు ఒడ్డుకి వచ్చీది కాదు, దూరంగా లంగరేసీది. అందాకా మసూలా పడవే దిక్కు. ఆ పడవకి మేకు ఒక్కటుండదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టీవోరు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి పగిలిపోతాది, కుట్టిందైతే ఒంగి తట్టుకుంటాది. అలా స్టీమరెక్కినాక డెక్కు మీదే పడక, డెక్కు మీదే తిండి. మూటలో చోడిపిండి, ఎండుమిరపకాయలు, చింతపండు కట్టుకెల్లినాడని మా నాయనమ్మ చెప్పీది.

ఆయన దక్షిణాఫ్రికాలో నేటాలు ఎల్లుంటే నీ పని సులువయ్యీది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నించి డర్బను చేరింది. అప్పట్నించి 1911 దాకా ఒప్పందం మీద ఎల్లిన ప్రతీ కూలీకి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చ, అన్నీ ఓడ జాబితాలో రాసినారు. ఆ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఐదేళ్ళకి కట్టుబడినోడు పారిపోతే పట్టుకోవాల కదా, అందుకే అంత లెక్క!

రంగం ఎల్లినోడికి అలాంటి నంబరు లేదు. 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే. చాలామంది ఇక్కడ కోతలయ్యాక ఎల్లి, వానలకి ముందు తిరిగొచ్చీవోరు. ఇంకెవడు రాసుకుంటాడు?

రంగం పైకంతో కొన్న రెండెకరాల దస్తావేజు నా ట్రంకు పెట్టెలో ఉంది. అమ్మినోడి పేరుంది, కొన్నోడి పేరుంది, తూర్పు హద్దు చెరువు గట్టు అనుంది. ఎన్ని బస్తాలు మోస్తే ఆ పైకం పోగైందో మాత్రం లేదు. అది నోటి మాటే.

మా తాత కూడా ఆ రంగూను రేవులోనే పనిచేసినాడు. 1930 మే నెలలో మనోళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టినారు. కంపెనీలు బర్మావోళ్ళని పనిలో పెట్టి, సమ్మె తేలినాక ఆళ్ళని పొమ్మన్నాయి. ఆ మంట మనోళ్ళ మీద పడింది. కొట్లాటల్లో చాలామంది పోనారు. అయినా తాత కదల్లేదు. 1941 డిసెంబరులో జపానోడు రంగూను మీద బాంబులేసినాకే బయల్దేరినాడు. లక్షలమంది కొండలూ అడవులూ పడి నడిచొచ్చినారు, అందులో ఆయనొకడు. తీరా ఇక్కడ చూస్తే, 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా బాంబులు పడ్డాయి!

అంచేత ఆఫీసుల చుట్టూ తర్వాత తిరుగుదువు గాని. పొద్దున్నే ఒక నోట్‌బుక్కు పట్రా. మొగోళ్ళ పేర్లు నేను చెప్తాను. ఏ ఇంటి పిల్లని ఏ ఊరిచ్చినారో, ఎవలు రంగంలో ఉండిపోనారో మీ పెద్దమేనత్తకే తెలుసు. దానికి మతిమరుపు మొదలైంది, ముందు దాని దగ్గరికే ఎల్దాం.