చిన్న దేశపు రాయబారము

పల్నాటి వీరగాథ విన్నవారికి అలరాజు రాయబారము జ్ఞాపకముండును. అరణ్యవాసపు గడువు తీరిన పిదప, మాచర్లవారి రాజ్యభాగమును అడుగుటకు అతడు గురజాలకు సేనతో గాక మాటతో వెళ్ళినాడు. అతడు విషప్రయోగమునకు బలియైనాడనియు, ఆ పిమ్మటనే కారెంపూడి యుద్ధము తప్పనిదైనదనియు కథ చెప్పుచున్నది. బలహీనుని మాటను బలవంతుడు పెడచెవిని పెట్టినచో ఏమగునో పల్నాటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. మన కాలమున అణ్వస్త్రముల విషయమై అట్టి రాయబారము నడిపినది ఒక చిన్న దేశము.

పసిఫిక్ సముద్రములోని మార్షల్ దీవుల జనాభా అరలక్షకు లోపు. ప్రపంచయుద్ధములో అమెరికా వశమైన ఆ దీవులను 1947లో ఐక్యరాజ్యసమితి ధర్మకర్తగా అమెరికాకే అప్పగించినది. 1946 మొదలు 1958 వరకు అచ్చట 67 అణుపరీక్షలు జరిగినవి. 1954 మార్చి 1న బికినీలో ప్రేల్చిన బాంబు హిరోషిమా బాంబునకు ఇంచుమించు వేయి రెట్లు శక్తి గలది. దాని బూడిద రోంగెలాప్ ప్రజలపైనను, ఒక జపాను చేపల పడవలోని 23 మందిపైనను రాలినది.

ఏప్రిల్ 2న నెహ్రూ పరీక్షలను నిలుపవలెనని లోక్‌సభలో ప్రతిపాదించినారు. ఏప్రిల్ 20వ తేదీన దీవులవారు ఐక్యరాజ్యసమితికి అర్జీ వ్రాసికొన్నారు. మన దేశము విశాలమైనదే గాని, ఆనాడు అణ్వస్త్రము లేనిది; ఇరువురికిని మాటయే బలము. 1955 డిసెంబరు 10న ఆ నెహ్రూయే మాచర్ల సీమకు వచ్చి నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. కాలువలు త్రవ్వుకొను దేశమునకు శాంతి ఆదర్శము మాత్రమే కాదు, అవసరము కూడ.

1963 నాటి మాస్కో ఒడంబడిక ఆకాశములోను, అంతరిక్షములోను, నీటిలోను పరీక్షలను నిషేధించినది, భూగర్భమును విడిచినది. భారతదేశము దానిపై సంతకము చేసినది. 1974లో పోఖ్రాన్ భూగర్భములో పరీక్ష జరిపినది. అగ్రరాజ్యములు తమ అస్త్రములను విడుచుటకు గడువు చెప్పలేదని 1996లో సమగ్ర నిషేధ ఒడంబడికను నిరాకరించినది. 1998లో మరల పరీక్షించినది.

2014 ఏప్రిల్ 24న మార్షల్ దీవులు అణ్వస్త్రములు గల తొమ్మిది దేశములపై హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానములో దావా వేసినవి. కోరినది ధనము కాదు. నిరాయుధీకరణకై చిత్తశుద్ధితో సంప్రదింపులు జరుపుట. నాటి విదేశాంగ మంత్రి టోనీ డిబ్రమ్ 1954 నాటి ఆ వెలుగును తొమ్మిదేండ్ల బాలుడుగా కన్నులార చూచినవాడు. న్యాయస్థాన అధికారమునకు ముందే సమ్మతించియున్న భారత్, పాకిస్తాన్, బ్రిటన్‌లపై దావాలు మాత్రమే విచారణకు వచ్చినవి. తమపై విచారించు అధికారము లేదని భారతదేశము వాదించినది. దావా నాటికి ఇరుదేశముల నడుమ వివాదమే లేదని 2016 అక్టోబరు 5న 9 మంది న్యాయమూర్తులు, ఏడుగురు భిన్నాభిప్రాయులై యుండగా, దానిని త్రోసిపుచ్చినారు.

మన కారణములు మనకున్నవి. ఇరుగుపొరుగుల భయము కల్ల కాదు. అయినను, 1954లో ఆ దీవులవారికన్న ముందే గొంతెత్తిన దేశము వారి యెదుట ప్రతివాదిగా నిలిచినది. తీర్పు దావాను ముగించినది గాని, అందులోని ప్రశ్నను కాదు. ఆ రాయబారికి ఏమి బదులు చెప్పవలెనో ఆలోచించుట మన వంతు.