స్టీవ్ అలెన్

స్టీవ్ అలెన్ (1921 డిసెంబర్ 26 - 2000 అక్టోబర్ 30) అమెరికాకు చెందిన టెలివిజన్ హాస్యనటుడు, వ్యాఖ్యాత, పియానో వాద్యకారుడు, పాటల రచయిత, గ్రంథకర్త. ఎన్.బి.సి. సంస్థ 1954లో దేశవ్యాప్తంగా ప్రసారం ప్రారంభించిన "టునైట్" కార్యక్రమానికి ఇతడే మొదటి వ్యాఖ్యాత. హాస్యనటుడుగానే ఎక్కువ మందికి తెలిసినప్పటికీ, ఇతని జీవితమంతా సంగీతంతో ముడివడి ఉన్నది. స్వింగ్ సంగీతానికి రాజుగా పేరు పొందిన క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మాన్ జీవితం ఆధారంగా నిర్మించిన "ది బెన్నీ గుడ్‌మాన్ స్టోరీ" (1956) చిత్రంలో కథానాయకుని పాత్ర పోషించినది ఇతడే.

బాల్యం, రేడియో జీవితం

అలెన్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఇద్దరూ వాడవిల్ రంగస్థలంపై హాస్య ప్రదర్శనలు ఇచ్చేవారు. పాటలు, నృత్యాలు, హాస్య సంభాషణలు, గారడీలు ఒకదాని తరువాత ఒకటి వచ్చే ప్రదర్శనలను అమెరికాలో వాడవిల్ అంటారు. తండ్రి బిల్లీ అలెన్ కుమారుని పసితనంలోనే మరణించాడు. తల్లి ఇసబెల్ డొనహ్యూ, బెల్ మాంట్రోజ్ అనే పేరుతో ప్రదర్శనలను కొనసాగించింది. అందువలన అలెన్ బాల్యం ఎక్కువ భాగం షికాగోలో తల్లి తరపు బంధువుల ఇంట గడిచింది.

అయోవా రాష్ట్రంలోని డ్రేక్ విశ్వవిద్యాలయంలోను, తరువాత అరిజోనాలోని టెంపీ ఉపాధ్యాయ కళాశాలలోను కొంతకాలం చదివి, చదువు పూర్తికాకుండానే ఫీనిక్స్ నగరంలో రేడియో ఉద్యోగంలో చేరాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో చేరినా, ఉబ్బసం వ్యాధి కారణంగా త్వరలోనే విడుదలయ్యాడు. 1940వ దశకం చివరలో లాస్ ఏంజెలెస్ లోని కె.ఎన్.ఎక్స్. రేడియోలో రాత్రివేళ కార్యక్రమం నిర్వహించాడు. అది మొదట గ్రామఫోను రికార్డులు వినిపించడానికి ఉద్దేశించినది. అలెన్ రికార్డులను తగ్గించి, మాటలను పెంచి, మధ్యలో పియానో వాయిస్తూ దానిని హాస్య కార్యక్రమంగా మార్చివేశాడు. మాట, నవ్వు, పియానో కలగలిసిన ఈ పద్ధతే తరువాత ఇతని టెలివిజన్ కార్యక్రమాలకు పునాది అయింది.

టెలివిజన్

1950లో అలెన్ న్యూయార్క్ చేరి సి.బి.ఎస్. టెలివిజన్‌లో పనిచేశాడు. 1953లో న్యూయార్క్ పరిధిలో స్థానికంగా ఒక రాత్రి కార్యక్రమాన్ని ప్రారంభించాడు. అదే 1954 సెప్టెంబర్ 27 నుండి "టునైట్" పేరుతో దేశమంతటా ప్రసారమయింది. ప్రారంభోపన్యాసం వంటి హాస్య ప్రసంగం, బల్ల వెనుక కూర్చొని అతిథులతో సంభాషణ, ప్రేక్షకుల మధ్యకు వెళ్ళి మాట్లాడటం, వేదికపై స్వంత వాద్యబృందం - నేడు రాత్రి కార్యక్రమాలన్నింటిలో కనిపించే ఈ అంగాలు స్థిరపడినది ఈ కార్యక్రమంలోనే. స్కిచ్ హెండర్సన్ వాద్యబృందానికి నాయకత్వం వహించాడు. స్టీవ్ లారెన్స్, ఈడీ గోర్మే, ఆండీ విలియమ్స్ వంటి యువ గాయకులు ఇందులో పాడి పేరు తెచ్చుకున్నారు. అలెన్ జాజ్ విద్వాంసులను తరచుగా ఆహ్వానించి, వారి వాదనకు తగినంత సమయం కేటాయించేవాడు. 1957 జనవరిలో ఇతడు ఈ కార్యక్రమం నుండి వైదొలిగాడు.

సంగీత ప్రతిభ

అలెన్ సంగీతాన్ని శాస్త్రోక్తంగా అభ్యసించలేదు. ఇతనికి స్వరలిపి చదవడం అంతంతమాత్రమే వచ్చు. విన్నదానిని చెవితో పట్టుకొని పియానోపై పలికించడం, అప్పటికప్పుడు కొత్త బాణీ కట్టడం ఇతని ప్రత్యేకతలు. ప్రేక్షకులలో ఎవరైనా మూడు నాలుగు స్వరాలను ఇష్టం వచ్చినట్లు ఎంచుకొని చెబితే, ఆ స్వరాలతో మొదలయ్యే పూర్తి పాటను అక్కడికక్కడే వాయించి చూపేవాడు.

గాయకుడు ఫ్రాంకీ లేన్‌తో వేసిన పందెం ఇతని వేగానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. వారం రోజులపాటు రోజుకు 50 పాటల చొప్పున వ్రాయగలనని అలెన్ 1,000 డాలర్లు పందెం కాశాడు. హాలీవుడ్‌లోని ఒక సంగీత దుకాణపు అద్దాల కిటికీలో, దారిన పోయేవారందరూ చూస్తుండగా కూర్చొని ఆ పందెం గెలిచాడు. ఆ 350 పాటలలో ఒకటి 1950లో మార్గరెట్ వైటింగ్, జిమ్మీ వేక్లీల గళంలో రికార్డుగా వెలువడింది. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం మరుగున పడిపోయాయి. తన జీవితకాలంలో 8,500కు పైగా పాటలు వ్రాసినట్లు అలెన్ చెప్పుకున్నాడు. వాటిలో జనాదరణ పొందినవి కొద్ది మాత్రమే.

స్వింగ్ సంగీతం - బెన్నీ గుడ్‌మాన్

స్వింగ్ అనేది 1930వ దశకంలో అమెరికాలో వ్యాప్తి చెందిన జాజ్ శైలి. ఇది ప్రధానంగా నృత్యశాలలకు ఉద్దేశించిన పెద్ద వాద్యబృందాల సంగీతం. బృందంలో ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒక వర్గం. సాక్సోఫోన్లు, క్లారినెట్లు రెండవ వర్గం. పియానో, గిటారు, బాస్, డ్రమ్స్ తాళాన్ని నిలిపే మూడవ వర్గం. ఒక వర్గం ప్రశ్న వేసినట్లుగా ఒక పలుకు వాయిస్తే, మరొక వర్గం దానికి జవాబు చెబుతుంది. ముందుగా వ్రాసిపెట్టుకున్న ఈ కూర్పు మధ్యలో ఒక్కొక్క విద్వాంసుడు తన మనోధర్మం ప్రకారం వాయించడానికి చోటు ఉంటుంది.

బెన్నీ గుడ్‌మాన్ (1909 - 1986) షికాగోలో ఒక పేద యూదు కుటుంబంలో, 12 మంది సంతానంలో తొమ్మిదవవాడుగా జన్మించాడు. 1934 చివరలో మొదలైన "లెట్స్ డాన్స్" అనే రేడియో కార్యక్రమం ద్వారా ఇతని బృందం దేశానికి పరిచయమయింది. ఈ బృందపు ధ్వనికి రూపమిచ్చినవారిలో నల్లజాతి సంగీతకారుడు ఫ్లెచర్ హెండర్సన్ ముఖ్యుడు. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్ లోని పాలొమార్ నృత్యశాలలో లభించిన స్వాగతాన్ని స్వింగ్ యుగానికి ఆరంభంగా చాలామంది పరిగణిస్తారు. నల్లజాతివారైన టెడ్డీ విల్సన్ (పియానో), లయనెల్ హాంప్టన్ (వైబ్రాఫోన్)లను గుడ్‌మాన్ 1936లో తన చిన్న బృందాలలో చేర్చుకున్నాడు. తెల్లవారు, నల్లవారు ఒకే వేదికపై కూర్చొని వాయించడం అప్పటి అమెరికాలో అరుదైన విషయం. 1938 జనవరి 16న న్యూయార్క్ లోని కార్నెగీ హాల్‌లో ఈ బృందం చేసిన కచేరీ జాజ్ చరిత్రలో ఒక మైలురాయిగా నిలిచింది. శాస్త్రీయ సంగీతానికి పేరుపడిన ఆ వేదికపై "సింగ్, సింగ్, సింగ్" అనే అంశంలో జీన్ క్రూపా వాయించిన డ్రమ్స్, ముందుగా అనుకోకుండా జెస్ స్టేసీ వాయించిన పియానో శ్రోతలను ఆకట్టుకున్నాయి. ఆనాటి ధ్వనిముద్రణ 1950లో రికార్డుగా వెలువడి విశేషంగా అమ్ముడయింది.

ది బెన్నీ గుడ్‌మాన్ స్టోరీ

వాద్యబృంద నాయకుడు గ్లెన్ మిల్లర్ జీవితంపై 1954లో వచ్చిన చిత్రం విజయవంతమైన తరువాత, యూనివర్సల్ సంస్థ అదే కోవలో ఈ చిత్రాన్ని నిర్మించింది. నిర్మాత ఆరన్ రోజెన్‌బర్గ్. మిల్లర్ చిత్రానికి రచయితలలో ఒకడైన వాలెంటైన్ డేవిస్ దీనికి రచన, దర్శకత్వం వహించాడు. గుడ్‌మాన్ భార్య ఆలిస్ పాత్రను డోనా రీడ్ పోషించింది. క్రూపా, విల్సన్, హాంప్టన్, హారీ జేమ్స్, గాయని మార్తా టిల్టన్ తదితరులు తమ పాత్రలను తామే ధరించారు. హెండర్సన్ 1952లోనే మరణించినందున ఆ పాత్రను సామీ డేవిస్ సీనియర్ నటించాడు. సాక్సోఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్ కూడా బృందంలో కనిపిస్తాడు.

కథానాయకుని పాత్రకు అలెన్‌ను ఎన్నుకోవడానికి కారణాలు స్పష్టమే. కళ్ళద్దాలు, పొడవైన ముఖం వలన ఇతనికి గుడ్‌మాన్ పోలికలు కొంత ఉన్నాయి. టెలివిజన్ ద్వారా దేశమంతటికీ పరిచితుడు. అన్నింటికంటె ముఖ్యంగా, జాజ్ లయ తెలిసిన వాద్యకారుడు.

క్లారినెట్ అభినయం

చిత్రంలో వినిపించే క్లారినెట్ గుడ్‌మాన్ స్వయంగా వాయించినది. కనిపించే చేతులు, పెదవులు అలెన్‌వి. పియానో తెలిసినంత మాత్రాన ఈ అభినయం సులువు కాదు. పియానోలో ఒక స్వరానికి ఒక మెట్టు ఉంటుంది. క్లారినెట్‌లో రంధ్రాలను, మీటలను అనేక విధాలుగా మూస్తూ తెరుస్తూ ఉండాలి. పైగా వెనుక ఉన్న బొటనవ్రేలి మీటను నొక్కితే స్వరం సాక్సోఫోన్‌లో వలె ఒక స్థాయి కాక, 12 మెట్లు పైకి వెళ్తుంది. అందువలన ఒకే స్వరానికి క్రింది స్థాయిలో ఒక వ్రేళ్ళ అమరిక, పై స్థాయిలో వేరొక అమరిక అవసరమవుతాయి. క్రింది పెదవిని పళ్ళ మీదకు మడిచి, బుగ్గలు ఉబ్బకుండా, పెదవుల అంచులు బిగించి ఊదాలి. ఊపిరి తీసే చోటు పలుకు ముగిసే చోటుతో సరిపోవాలి. వీటిలో ఏది తప్పినా వాద్యం తెలిసినవారికి తెరపై వెంటనే తెలిసిపోతుంది.

గుడ్‌మాన్ శైలిని అనుసరించిన న్యూయార్క్ క్లారినెట్ విద్వాంసుడు సోల్ యాగెడ్, అలెన్‌కు ఈ విషయంలో శిక్షణ ఇచ్చాడు. చిత్రం కోసం అలెన్ క్లారినెట్ పట్టుకోవడం, వ్రేళ్ళు కదపడం నేర్చుకున్నాడు. తానే క్లారినెట్ వాయించినట్లు ఎన్నడూ చెప్పుకోలేదు. పెద్ద బృందం మధ్య నిలబడి లయకు తగినట్లు కదలడంలోను, తోటి వాద్యకారుడు వాయించేటప్పుడు శ్రద్ధగా వినడంలోను మాత్రం ఇతని స్వంత సంగీతజ్ఞానం కనిపిస్తుంది. సంభాషణలలో ఇతని నటన కొంత బిగువుగా ఉన్నదని విమర్శ వచ్చింది. అయితే నిజజీవితంలో గుడ్‌మాన్ కూడా మితభాషిగా, ముభావిగా పేరుపడినవాడే.

చరిత్రకు, సినిమాకు గల భేదాలు

చిత్రకథ 1938 కార్నెగీ హాల్ కచేరీతో, గుడ్‌మాన్ - ఆలిస్‌ల ప్రేమ ఫలించడంతో ముగుస్తుంది. వాస్తవానికి వారి వివాహం 1942లో జరిగింది. చిత్రంలోని "అండ్ ది ఏంజెల్స్ సింగ్" పాట 1939 నాటిది, అంటే కథాకాలం తరువాతది. ట్రంపెట్ విద్వాంసుడు జిగ్గీ ఎల్మన్ తెరపై కనిపించినా, ఆ పాటలోని ట్రంపెట్ భాగాన్ని మానీ క్లైన్ వాయించాడు. ఈ విధంగా, తమ పాత్రలను తామే ధరించినవారిలో కూడా ధ్వని ఒకరిది, రూపం మరొకరిది అయిన సందర్భం ఉన్నది.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి. నల్లజాతి విద్వాంసులను వేదికపై చేర్చుకోవడం 1936లో సాహసంతో కూడిన నిర్ణయం. చిత్రంలో అది స్నేహపూర్వకమైన సహజ పరిణామం వలె సాగిపోతుంది. వారు ఎదుర్కొన్న వివక్ష దాదాపు కనిపించదు. అయినప్పటికీ విల్సన్, హాంప్టన్, ట్రంపెట్ విద్వాంసుడు బక్ క్లేటన్ వంటివారు తమ వాద్యాలతో ప్రధాన స్రవంతి హాలీవుడ్ చిత్రంలో కనిపించడం, వారి వాదన రంగుల చిత్రంలో భద్రపడటం ఈ చిత్రం వలన కలిగిన మేలు. కథ బలహీనమైనదని, సంగీతమే దానిని నిలబెట్టిందని సాధారణంగా చెబుతారు.

రాక్ అండ్ రోల్ పట్ల వైఖరి

1956 జూన్‌లో ఎన్.బి.సి.లో ఆదివారం రాత్రి "ది స్టీవ్ అలెన్ షో" ప్రారంభమయింది. జూలై 1న ఇందులో పాల్గొన్న ఎల్విస్ ప్రెస్లీ చేత పొడవు కోటు వేయించి, ఒక వేటకుక్క ఎదుట పాడించారు. రాక్ పాటల సాహిత్యాన్ని అలెన్ గంభీరమైన కవిత్వంలాగా చదివి నవ్వించేవాడు. స్వింగ్, జాజ్ సంగీతాలలో పెరిగిన ఇతనికి ఈ కొత్త సంగీతంపై గౌరవం తక్కువని, దానిని అపహాస్యం చేశాడని విమర్శలు ఉన్నాయి. మరొకవైపు 1957లో జెర్రీ లీ లూయిస్‌ను టెలివిజన్ ద్వారా దేశానికి పరిచయం చేసినది కూడా ఈ కార్యక్రమమే.

ఇతర సంగీత కృషి, పురస్కారాలు

- ఒక టెలివిజన్ సంగీతనాటకానికి వ్రాసిన "దిస్ కుడ్ బి ద స్టార్ట్ ఆఫ్ సమ్‌థింగ్" ఇతని పాటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది.
- "పిక్నిక్" చిత్రంలోని సంగీతానికి ఇతడు సాహిత్యం సమకూర్చాడు.
- 1959లో వెలువడిన రికార్డులో రచయిత జాక్ కెరువాక్ తన రచనలను చదువుతుండగా అలెన్ పియానో సహకారం అందించాడు.
- బాస్ విద్వాంసుడు రే బ్రౌన్‌తో కలిసి కూర్చిన "గ్రేవీ వాల్ట్జ్"కు 1964లో ఉత్తమ జాజ్ రచనగా గ్రామీ పురస్కారం లభించింది.
- బ్రాడ్వే రంగస్థలానికి ఇతడు పాటలు వ్రాసిన "సోఫీ" (1963) సంగీతనాటకం 8 ప్రదర్శనలతోనే ఆగిపోయింది.
- 1986లో టెలివిజన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం లభించింది.

చివరి సంవత్సరాలు

1977 నుండి 1981 వరకు పి.బి.ఎస్.లో ప్రసారమైన "మీటింగ్ ఆఫ్ మైండ్స్" కార్యక్రమంలో, వివిధ కాలాలకు చెందిన చారిత్రక వ్యక్తులు ఒకే బల్ల చుట్టూ కూర్చొని చర్చించుకున్నట్లు అలెన్ రచించి నిర్వహించాడు. ఇతని భార్య, నటి జేన్ మెడోస్ ఇందులో పలు పాత్రలు ధరించింది. అలెన్ 50కి పైగా గ్రంథాలు రచించాడు. 2000 అక్టోబర్ 30న లాస్ ఏంజెలెస్ లోని ఎన్‌సీనోలో, తన కుమారుని ఇంట మరణించాడు. అదే రోజు జరిగిన ఒక చిన్న కారు ప్రమాదంలో తగిలిన దెబ్బ వలన గుండె చుట్టూ ఉన్న పొరలోకి రక్తం చేరడం మరణానికి కారణమని వైద్యపరీక్షలో తేలింది. అప్పటికి ఇతని వయస్సు 78 సంవత్సరాలు.