గాజు సీసా నుంచి సొంత మట్టికి

జననాంగాల గురించి బొమ్మలు గీసినవాళ్లు, కథలు అల్లినవాళ్లు, వైద్య గ్రంథాలు రాసినవాళ్లు చరిత్రలో చాలామంది ఉన్నారు. ఆ దేహం ఎవరిది, చూపడానికి ఆ మనిషి ఒప్పుకుందా అని అడిగినవాళ్లు తక్కువ. ఆదివాసులమైన మనం సారా బార్ట్‌మన్ కథ తెలుసుకోవలసింది అందుకే.

ఆమె దక్షిణాఫ్రికాలో పశువులు మేపుకు బతికే ఖోయ్‌ఖోయ్ తెగ బిడ్డ. ఆ తెగ స్త్రీలకు పుట్టుకతోనే ఒక చర్మపు తెర ఉంటుందని ఐరోపా ప్రయాణికులు వింతగా రాసేవారు. 1810లో సారాను లండన్ తీసుకెళ్లి, 'హాటెంటాట్ వీనస్' అని పేరుపెట్టి, డబ్బులు తీసుకుని జనానికి చూపించారు. 1814లో పారిస్ చేర్చారు. మరుసటి ఏడాది అక్కడి రాజోద్యానంలో శాస్త్రవేత్తలు ఆమెను పరిశీలించారు, చిత్రకారులు బొమ్మలు గీశారు. వాళ్లు చూడాలనుకున్న భాగాన్ని మాత్రం ఆమె ఎంత అడిగినా చూపలేదు.

1815 చివర ఆమె చనిపోయింది. జార్జి కువియె అనే శాస్త్రవేత్త ఆమె శవాన్ని కోశాడు. అస్థిపంజరాన్ని భద్రపరిచాడు. మెదడును, జననాంగాలను సీసాల్లో పెట్టాడు. వేరే అవయవమేదీ లేదని, స్త్రీలందరికీ ఉండే లోపలి మడతలే ఆమెకు పొడవుగా ఉన్నాయని 1817లో అచ్చయిన నివేదికలో తేల్చాడు. ఆమెకు జ్ఞాపకశక్తి బాగుందని, డచ్చి భాష మాట్లాడేదని కూడా రాశాడు. అయినా అదే నివేదికలో ఆమెను కోతులతో పోల్చాడు. పాత కట్టుకథ పోయింది. దాని చోట శాస్త్రం పేరుతో 'తక్కువ జాతి' అనే కొత్త కట్టుకథ వచ్చి కూర్చుంది. 1970ల దాకా ఆమె అవశేషాలు పారిస్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉన్నాయి.

ఆమెను తిరిగి ఇమ్మని 1994లో నెల్సన్ మండేలా అడిగారు. ఫ్రాన్స్ అందుకోసం చట్టమే చేయవలసి వచ్చింది. 2002 ఆగస్టు 9న గాంటూస్ నది లోయలో, సొంత మట్టిలో ఆమెను పూడ్చిపెట్టారు.

ఇది మనకు దూరపు కథ కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత ప్రజల తలలు, ముక్కులు కొలిచి, 1909లో ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. చెంచులు, కోయలు, సవరలు వాటిలో ఉన్నారు. చాలా ఫొటోల కింద తెగ పేరే కనిపిస్తుంది, మనిషి పేరు కాదు.

దేహం గురించి చదవడం సిగ్గుపడవలసిన పని కాదు. గర్భం, కాన్పు గురించి తెలిస్తేనే తల్లీబిడ్డల ప్రాణాలు నిలుస్తాయి. అయితే బడిలో ఇలాంటి బొమ్మ చూపినప్పుడు దాన్ని ఎవరు గీశారు, ఎవరిని చూసి గీశారు, ఆ మనిషిని అడిగారా అని కూడా పిల్లలతో మాట్లాడదాం. కువియె రాసింది చరిత్ర అయితే, సారా చూపనన్నదీ చరిత్రే.